రంగు పూయని రంగు

మంచి సోలార్ పలక నల్లగానే ఉంటుంది. పడిన వెలుగునంతా మింగేయడమే దాని పని మరి. డాబా మీదైతే ఎవరికీ పట్టదు గానీ, ఇంటి ముందు గోడకు ఆ నల్ల పలకలు బిగించాలంటే మనసొప్పదు. పోనీ రంగు వేద్దామా అంటే, పెయింటు తన వంతు వెలుగు తాను మింగేస్తుంది. పలకలో కరెంటు పుట్టించే సిలికాన్ దాకా చేరేది తగ్గిపోతుంది.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్ రేవు పక్కన నార్డ్‌హావ్న్‌లో 2017లో పూర్తయిన అంతర్జాతీయ పాఠశాల గోడల నిండా సుమారు 12,000 సోలార్ పలకలున్నాయి. అన్నీ సముద్రపు పచ్చదనంతో ఉంటాయి. ఒక్కోదాన్ని ఒక్కో వైపు కొద్దిగా వంచి బిగించడం వల్ల భవనమంతా చమ్కీలు కుట్టిన చీరలా మెరుస్తుంది. ఏడాదికి వచ్చే కరెంటు దాదాపు 3 లక్షల యూనిట్లు. బడి వాడకంలో సగానికి పైనే!

ఆ పలకల మీది గాజులో రంగు పదార్థమేదీ లేదు. చిన్నప్పుడు పుస్తకంలో దాచుకున్న నెమలీకలోనూ నీలం, పచ్చ రంగు పదార్థం ఉండేది కాదు. వెలుతురులో తిప్పితే నీలం, పచ్చ, రాగి రంగులు మారి మారి కనిపించే ఆ ఈకను మెత్తగా నూరితే మిగిలేది ముదురు గోధుమరంగు పొడే. అందులోని అతి సన్నని అమరిక కొన్ని కాంతి తరంగాలను ఒకదానితో ఒకటి కలిపి, బలపరిచి వెనక్కి పంపుతుంది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ పరిశోధకులు ఇదే సూత్రంతో గాజు మీద నానోమీటర్ల (మీటరులో వంద కోట్లవ వంతు) మందంలో పొరలు పరిచారు. పొరల మందం మార్చితే రంగు మారుతుంది.

అంటే మనకు కనిపించే రంగు, కరెంటు కాకుండా తప్పించుకున్న వెలుగే. ఆ నష్టాన్ని తగ్గించడంలోనే అసలు నేర్పుంది. మన కన్ను 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే పచ్చని వెలుగును అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది. అందుకే ఆ దగ్గర సన్నని పాయ ఒక్కటి వెనక్కి పంపినా గోడ నిండుగా కనిపిస్తుంది, మిగతాదంతా సిలికాన్‌కే దక్కుతుంది. తెలుపుతోనే చిక్కు. దానికి అన్ని రంగులూ వెనక్కి పంపాలి. 2014లో న్యూషాటెల్‌లో తెల్ల పలక చేసినవాళ్లు కనిపించే వెలుగును వెనక్కి పంపి, కరెంటు కోసం కంటికి కనిపించని పరారుణ కాంతి మీద ఆధారపడ్డారు. నాకైతే అన్నిటికంటే ముచ్చటేసింది ఈ తెలివే.

డెన్మార్క్‌లో సూర్యుడు కిందుగా తిరుగుతాడు, గోడకు ఎండ బాగా తగులుతుంది. మన దగ్గర మిట్టమధ్యాహ్నం నడినెత్తిన ఉంటాడు కాబట్టి నిలువు గోడకు దక్కేది తక్కువ. పొద్దుటి ఎండ తూర్పు గోడకు, సాయంత్రపుది పడమటి గోడకు. వేసవిలో పడమటి గది రాత్రి తొమ్మిదైనా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆ గోడకు కాస్త ఎడంగా పలకలు బిగిస్తే ఎండ వాటి మీదే ఆగిపోతుంది, వెనక గాలి ఆడుతుంది.