వాదన చదవడం గురించి నా క్లాసులో రోజూ వినే అపోహలు

బెంగళూరు మారతహళ్లిలో జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) క్రిటికల్ రీజనింగ్, అంటే వాదనల్ని విడదీసి చూసే భాగం, చెబుతుంటాను. వచ్చేవాళ్లలో మన తెలుగు ఐటీ పిల్లలే ఎక్కువ, అందరివీ దాదాపు ఇవే అపోహలు.

అపోహ: విమర్శనాత్మకంగా చదవడమంటే తప్పులు పట్టడం.

వాస్తవం: ముందు రాసినవాళ్లు ఏం తేల్చాలనుకుంటున్నారో, దానికి ఏ కారణం చూపించారో, ఆ రెండింటి మధ్య చెప్పకుండా ఏం వదిలేశారో పట్టుకోవాలి. అసలు పనంతా ఆ మూడోదాంట్లోనే. ఇక్కడి అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరిగే రకం మెసేజ్ ఒకటి చూడండి: "సెప్టెంబర్‌లో బీ బ్లాకుకి ఆర్వో ప్లాంట్ పెట్టించాం, జనవరికల్లా పిల్లల జ్వరాలు తగ్గాయి, కాబట్టి అన్ని బ్లాకులకీ పెట్టించాలి." ఈ నాలుగు నెలల్లో ఇంకేమీ మారలేదన్నది ఇందులో చెప్పని మాట. కానీ బెంగళూరులో ఈలోపు వానలు తగ్గిపోతాయి, దోమలు తగ్గుతాయి, వాటితోపాటు డెంగీ కూడా. ఆర్వో లేని బ్లాకుల్లో జ్వరాలు ఎలా ఉన్నాయని అడగండి, అక్కడా అంతే తగ్గి ఉంటే ఈ వాదన నిలబడదు. అలాగని ఆర్వో అక్కర్లేదని తేలిపోలేదు, చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. బోరు నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాలు) మరీ ఎక్కువుంటే అది వేరే కారణం, మంచి కారణం.

అపోహ: అంకె ఉంటే రుజువున్నట్టే.

వాస్తవం: "దొంగతనాలు 50 శాతం తగ్గాయి" అంటే రెండు జరిగేచోట ఒకటి జరిగిందేమో. ఎంతలో 50 శాతం అని అడగండి, చాలు.

అపోహ: తర్కదోషాల ఇంగ్లీషు పేర్లు బట్టీ కొడితే సరిపోతుంది, ఇదంతా ఎలాగూ పాశ్చాత్యుల సరుకేగా.

వాస్తవం: మన న్యాయ దర్శనంలో (కోర్టుల న్యాయం కాదు, పాత తర్కశాస్త్రం) ప్రతిజ్ఞ (తేల్చాల్సిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (దాన్ని ఇక్కడికి అన్వయించడం), నిగమనం (తేలిన మాట) అని ఐదు మెట్లున్నాయి. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, పొగున్న చోటల్లా నిప్పుంటుంది, వంటింట్లోలాగా; ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, కాబట్టి నిప్పుంది. బెంగళూరు దగ్గరి నంది కొండ మీద తెల్లవారుజామున మంచు చూసి పొగనుకుంటే హేతువే లేదు, మిగతా మెట్లు ఎంత బాగున్నా దండగే. నిప్పు ఉండదని ఖాయంగా తెలిసిన చోటుకి తార్కికులు ఇచ్చే ఉదాహరణేమో పెద్ద చెరువు. పాపం, వాళ్లు మా బెంగళూరులోని బెళ్లందూరు చెరువు చూడలేదు! 2017 ఫిబ్రవరిలో ఆ చెరువు అంటుకుని పొగలు కక్కింది. ఉదాహరణ చెడింది కానీ సూత్రం చెడలేదు, అక్కడా పొగ వెనక నిప్పే ఉంది. ఈ తేడా చెప్పగలిగితే దోషం పేరు గుర్తు రాకపోయినా నాకు అభ్యంతరం లేదు.

అపోహ: చెప్పేవాడికి లాభముంటే చెప్పింది అబద్ధమే.

వాస్తవం: ఆర్వో అమ్మేవాడు తెచ్చిన నీళ్ల రిపోర్టు నిజమే కావచ్చు. ఇంకో ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.