నెయ్యి డబ్బులతో మజ్జిగ

చిట్టీ, పెద్దోడా,

కావలి నుంచి నెల్లూరు పోతూ రైలు టికెట్ మీద చిన్న అక్షరాలు చదివి ఫోన్ చేశారు కదా, "తాతయ్యా, ప్రయాణానికయ్యే ఖర్చులో 57 శాతమే వసూలవుతోందంట, మిగతా 43 ఎవరిస్తున్నారు?" అని. మంచి ప్రశ్న. పొలంలో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను.

మా జేజమ్మకు రెండు బర్రెలుండేవి. చిలికి, వెన్న కాచి, నెయ్యి నెల్లూరు తీసుకెళ్ళి అమ్మేది. మజ్జిగ మాత్రం వీధిలో ఎవరు చెంబు తెచ్చినా పోసేది, ఉన్నవాళ్ళు ఐదు పైసలిచ్చేవాళ్ళు, లేనివాళ్ళు లేదు. ఇదేం బేరం జేజీ అంటే, "బర్రెకు గడ్డి నెయ్యి వేస్తోంది లేరా" అనేది.

రైలూ అంతే. బొగ్గు, సిమెంటు, ఎరువులు మోసే గూడ్సు నెయ్యి. మనమెక్కే పాసింజరు మజ్జిగ. థర్డ్ ఏసీని పెరుగనుకోండి, చాలా ఏళ్ళు తన ఖర్చు తనే రాబట్టుకుంది. అయితే మజ్జిగ చవగ్గా పోయాలంటే నెయ్యి ధర పెంచాలి. బొగ్గు మోసే కిరాయి పెరిగితే కరెంటు తయారీ ఖర్చూ పెరుగుతుంది. అంటే ఆ 43లో కొంత మన ఇంటి కరెంటు బిల్లులోనే కడుతున్నాం, రైలెక్కనివాళ్ళు కూడా.

జేజమ్మ నెయ్యి డబ్బాతో పాసింజరెక్కేటప్పుడు నన్నూ తీసుకుపోయేది. బిట్రగుంటలో అప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది. ఇంజను నీళ్ళు తాగుతుంటే చూస్తూ నేను చేతిలో అన్నం ముద్ద మరిచిపోయేవాణ్ణి. ఎవరూ అడగరని తెలిసిన రోజున కూడా ఆమె టికెట్ కొనకుండా ఎక్కింది లేదు. మీరూ అలాగే ఉండాలి.

ఇక ప్రైవేటు రైళ్ళ సంగతి. 2019 అక్టోబరులో లక్నో నుంచి ఢిల్లీకి తేజస్ మొదలైంది. ప్రైవేటు రైలన్నారు గానీ, నడిపే ఐఆర్‌సీటీసీ కూడా ప్రభుత్వ కంపెనీయే. పట్టాలు, డ్రైవర్లు రైల్వేవే, వాడుకున్నందుకు కిరాయి కట్టాలి. గంట దాటి ఆలస్యమైతే ప్రయాణికుడికి 100 రూపాయలు, రెండు గంటలు దాటితే 250 ఇస్తామన్నారు, అది నాకు నచ్చింది. 2020లో 109 మార్గాల్లో 151 రైళ్ళు ప్రైవేటుకిస్తామని పిలిచారు, ఒక్కటీ నడవలేదు. ఎవరైనా వచ్చినా వెన్నే అడుగుతారు, పెద్ద ఊళ్ళ మధ్య ఏసీ బండ్లు. అడగనీ, తప్పులేదు, గడ్డి ఖర్చులో తమ వంతు ఇవ్వాలి అంతే. తలమంచి, తెట్టు లాంటి చిన్న స్టేషన్లలో ఆగే బండి నడపమంటే మాత్రం ఎవరొస్తారు చెప్పండి? పూలబుట్టతో నెల్లూరు పోయే అమ్మకు ఆ బండే దిక్కు.

ఇంతకంటే లెక్కలు వద్దు. సెలవురోజు నాన్నను వెంకటాచలం స్టేషనుకు తీసుకెళ్ళమనండి. కృష్ణపట్నం రేవు నుంచి బొగ్గు బండి వస్తుంది. పట్టాలకు దూరంగా నిలబడి పెట్టెలు లెక్కపెట్టండి, మామూలుగా 58, 59 ఉంటాయి, ఒక్కోదాంట్లో 60 టన్నులకు పైనే. కింద నేల అదురుతుంది, అరికాళ్ళకు తెలుస్తుంది. లెక్క తప్పితే ఇంకో బండి వచ్చేదాకా ఆగండి. ఎన్ని వచ్చాయో నాకు రాయండి.

మీ తాతయ్య