"పడుకుంటానండీ" అంటే నిద్రపోయినట్టు కాదు: కీళ్లవాతంలో నీరసంపై అపోహలు - వాస్తవాలు

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో మా ఓపీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వేళ్లు చూపిస్తారు, మోకాళ్లు చూపిస్తారు, రిపోర్టులు బల్ల మీద పరుస్తారు. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "ఒంట్లో సత్తువ ఉండట్లేదు డాక్టర్ గారూ" అంటారు. "రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?" అంటే "తొమ్మిదిన్నరకే పడుకుంటానండీ" అని జవాబు. చాలా ఏళ్లు నేనూ ఆ రెంటికీ తేడా పట్టించుకోకుండా ఐరన్ మాత్ర రాసి పంపేవాణ్ణి.

అపోహ: అదంతా బద్ధకం.

ఈ మాట రోగి నోట రాదు, పక్క కుర్చీలోంచి వస్తుంది. జ్వరం వస్తే మంచం దిగబుద్ధి కాదు గదా? అప్పుడు ఒంట్లో పెరిగే ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి రసాయనాలే ఈ జబ్బులోనూ పెరుగుతాయి. జ్వరం నాలుగు రోజుల్లో దిగుతుంది, ఇది దిగదు. పైగా ఐఎల్-6 తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది. పొద్దున్నే పిడికిలి ముడుచుకోదు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి, పాల ప్యాకెట్ పళ్లతో చింపాలి. ఇంట్లో అందరికీ క్యారేజీలు కట్టాల్సిన వేళా అదే.

అపోహ: నొప్పి తగ్గితే నీరసం దానంతటదే పోతుంది.

కొందరికి పోతుంది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ నార్మల్‌కి వచ్చి, కీళ్ల వాపు తగ్గినా నీరసం మిగిలేవాళ్లూ ఉన్నారు. రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్ ఎలాగూ చూస్తాం. చాలాసార్లు అడగకుండా వదిలేసేది రాత్రి సంగతే.

నోరు, కళ్లు ఎండిపోయే షోగ్రెన్స్ జబ్బు ఉన్నవాళ్లకు నోరు పిడచగట్టి మెలకువ వస్తుంది. నీళ్లు తాగుతారు, గంటకే బాత్రూమ్‌కి లేస్తారు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముకకు వచ్చే కీళ్లవాతం) ఉన్న కుర్రాళ్లు తెల్లవారుజామున నడుము పట్టేసి హాల్లో పచార్లు చేస్తుంటారు. ఆ నొప్పి పడుకుంటే పెరుగుతుంది, నడిస్తే తగ్గుతుంది. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతుంటే అది స్లీప్ అప్నియా కావచ్చు. అది పక్కన పడుకున్నవాళ్లకే తెలుస్తుంది కాబట్టి ఆ ప్రశ్న భర్తనే అడుగుతాను.

ఒకావిడ విషయంలో కారణం మాత్రల డబ్బాలో దొరికింది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పొద్దున టిఫిన్ తర్వాత అని రాశాం. పగలు మర్చిపోతున్నానని ఆవిడ అన్ని మాత్రలూ కలిపి రాత్రి భోజనమయ్యాక వేసుకుంటోంది. స్టెరాయిడ్ రాత్రిపూట నిద్ర చెడగొడుతుంది. మళ్లీ పొద్దుటికి మార్చాక నిద్ర కుదుటపడింది. (మీ అంతట మీరు మాత్రం స్టెరాయిడ్ ఆపేయకండి, అది ప్రమాదం.)

అపోహ: ఒక నిద్రమాత్ర వేసుకుంటే సరి.

ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. అలవాటైతే మానడం కష్టం, అప్నియా ఉంటే ఊపిరికే ముప్పు. నెలల తరబడి నిద్ర పట్టనివాళ్లకు మొదటి వైద్యం మాత్ర కాదు, నిద్ర అలవాట్లు మార్చే సీబీటీ-ఐ అనే పద్ధతి. నిద్ర ముంచుకొచ్చాకే మంచమెక్కాలి, 20 నిమిషాలైనా పట్టకపోతే లేచి కుర్చీలో కూర్చోవాలి, ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకి లేవాలి. తొమ్మిదిన్నరకే పడుకుని పదకొండున్నర దాకా ఫ్యాన్ చూసే మనిషికి "ఇంకాస్త ఆలస్యంగా పడుకోండి" అంటే నన్ను ఎగాదిగా చూస్తారు.

అపోహ: నీరసానికి విశ్రాంతే మందు.

యూరప్ రుమటాలజీ సంఘం యూలార్ 2023లో నీరసంపై ఇచ్చిన సిఫార్సుల్లో శారీరక వ్యాయామం ముఖ్యమైనది. చిక్కల్లా ఒంట్లో బాగున్న రోజు ఇల్లంతా బూజు దులిపి, మర్నాడు మంచానికి అతుక్కుపోవడంతోనే. పది నిమిషాల నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి, కీళ్లు బాగా వాచిన రోజు తగ్గించండి. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి.

ఈసారి వచ్చేటప్పుడు రెండు వారాలు రాసిన కాగితం తెండి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, ఎందుకు. ఒకావిడ క్యాలెండర్ షీట్ వెనక రాసుకొచ్చింది. రోజు విడిచి రోజు ఒకటే వరస: "3 గంటలకు కుళాయి వచ్చింది." బిందెలు పట్టే పని వాళ్లబ్బాయికి అప్పగించమని చీటీలో మందుల కింద నేనే రాసిచ్చాను.