ట్రఫుల్: వాసన పోకముందే వండాలి

మట్టి అంటిన ట్రఫుల్‌ని చూస్తే ఎక్కడో మూల పడి ఉన్న చిన్న దుంప అనుకుంటాం. నిజానికి అది నేల లోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగు. నోట్లో వేసుకున్నా నాలుకకు తెలిసేది తక్కువే. దాని విలువంతా వాసనలో ఉంది, ఆ వాసనేమో నేలలోంచి తవ్వి తీసిన గంట నుంచే తరగడం మొదలుపెడుతుంది. ఎలా ఎంచుకోవాలి, ఎలా దాచాలి, ఎంత వేడి తగలనివ్వాలి అన్నవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

నేల మీద పుట్టగొడుగులు గొడుగు విప్పి తమ బీజాలను గాలికి వదులుతాయి. ట్రఫుల్ మాత్రం పుట్టేదీ పండేదీ నేల లోపలే. ఓక్, హేజెల్ లాంటి చెట్ల వేళ్లకొసలను ఒక శిలీంధ్రం సన్నని దారాలతో అల్లుకుంటుంది. అది చెట్టుకు నీరూ ఖనిజాలూ అందిస్తుంది, బదులుగా చెట్టు దానికి చక్కెరలిస్తుంది. ట్రఫుల్‌ని సాగు చేయడం సాధ్యమేమో చూడమని ప్రష్యా ప్రభుత్వం పురమాయిస్తే, ఆ పరిశోధనలో ఉన్న జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ ఈ పొత్తుకు 1885లో 'మైకోరైజా' అని పేరు పెట్టాడు. ఆ శిలీంధ్రం కాసే కాయే ట్రఫుల్.

నేలలోపల గాలి వీచదు కదా, మరి బీజాలు ఎలా చెదురుతాయి? ఎవరో ఒకరు తవ్వుకుని తినాలి. అందుకే బీజాలు ముదిరాక గడ్డ ఘాటైన వాసనలు వదులుతుంది. పందులు, ఉడతలు, ఎలుకలు వాటిని పసిగట్టి తింటాయి. జీర్ణం కాని బీజాలు పెంటతో పాటు మరో చోట పడతాయి. ట్రఫుల్‌లో మగపంది వాసన పదార్థం ఒకటి ఉందని, ఆడపందులు దాని కోసమే తవ్వుతాయని చాలాకాలం అనుకున్నారు. 1990లో ఫ్రాన్స్‌లో చేసిన ప్రయోగంలో ఆ పదార్థాన్ని పాతిపెడితే జంతువులు పట్టించుకోలేదు. ట్రఫుల్ వాసనలో ఉండే మరో పదార్థమైన డైమిథైల్ సల్ఫైడ్‌ని పాతిన చోట మాత్రం తవ్వాయి.

ఈ డైమిథైల్ సల్ఫైడ్ గురించి వంటవాళ్లు గుర్తుంచుకోవాల్సిన అంకె ఒకటుంది: అది మరిగే ఉష్ణోగ్రత దాదాపు 37 డిగ్రీల సెల్సియస్, అంటే మన ఒంటి వేడి. పొంగుతున్న సాస్‌లో వేస్తే ఏమవుతుందో ఇక చెప్పాలా? వంటగదంతా గుబాళిస్తుంది, కంచంలోకి వచ్చేసరికి ఏమీ మిగలదు.

రకాలు చాలా ఉన్నా వంటకు ముఖ్యమైనవి మూడు. ఇటలీలో ఆల్బా పేరుతో ప్రసిద్ధమైన తెల్ల ట్రఫుల్ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దొరుకుతుంది. నున్నటి లేత గోధుమరంగు తొక్క, వెల్లుల్లిని తలపించే తీవ్రమైన వాసన దాని గుర్తులు. ఫ్రాన్స్‌లోని పెరిగోర్ పేరు మోసే నల్ల ట్రఫుల్ యూరప్‌లో చలికాలపు పంట, ఆస్ట్రేలియాలో జూన్ నుంచి ఆగస్టు దాకా వస్తుంది. వేసవి ట్రఫుల్ పైకి నల్లగానే ఉన్నా లోపల లేత గోధుమరంగే, వాసనా సౌమ్యమే. నల్ల ట్రఫుల్ పేరుతో చైనా రకాన్ని అంటగట్టే మోసమూ ఉంది. చూపులో రెండూ దగ్గరగా ఉంటాయి, వాసనలో మాత్రం చైనా రకం తేలిపోతుంది.

కొనేటప్పుడు వేలితో నొక్కి చూడాలి. గట్టిగా, నొక్కితే కాస్త తిరిగి లేచేలా ఉండాలి. మెత్తగా దిగబడితే కుళ్లు మొదలైనట్టే. బెండులా తేలిగ్గా, ఎండినట్టు ఉంటే నీరు పోయినట్టు. వీలైతే చిన్న ముక్క గీయించి లోపల చూడాలి: ముదిరిన నల్ల ట్రఫుల్‌లో నలుపు తిరిగిన గోధుమరంగు గుజ్జు మీద సన్నని తెల్లటి గీతలు పాలరాతి మీది చారల్లా పాకి ఉంటాయి. లోపలంతా తెల్లగా ఉంటే అది పచ్చిది. పండులా ఇంట్లో పెట్టి మగ్గిద్దామంటే కుదరదు, తవ్వాక ట్రఫుల్ ముదరదు.

ఇంటికి తెచ్చాక కడగకూడదు. తడి తగిలితే బూజు తొందరగా పడుతుంది. తవ్విన తర్వాత కూడా గడ్డ బతికే ఉంటుంది, ఊపిరి పీలుస్తూ చెమ్మ వదులుతుంది. ఒక్కో గడ్డనీ పేపర్ టవల్‌లో చుట్టి, మూత బిగిసే గాజు సీసాలో పెట్టి, 2 నుంచి 4 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. రోజూ మూత తీసి గాలి తగలనిచ్చి, చెమ్మగిల్లిన కాగితం మార్చాలి. ఇలా అయితే తెల్లది నాలుగైదు రోజులు, నల్లది వారం, పది రోజులు బాగుంటుంది. పుల్లటి వాసన గానీ అమ్మోనియా ఘాటు గానీ వస్తే పారేయాలి.

బియ్యంలో పాతిపెట్టే పాత అలవాటు మంచిది కాదు. బియ్యం గడ్డలోని నీటిని లాగేస్తుంది, వాసన బియ్యానికి పోతుంది. అదే సీసాలో గుడ్లు పెడితే అసలైన లాభం. పెంకుకున్న సన్నని రంధ్రాల గుండా వాసన లోపలికి దిగి, పచ్చసొనలోని కొవ్వుకు పట్టుకుంటుంది. రెండు మూడు రోజులు చాలు.

నూనెలో ముంచి దాచడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మట్టిలో బాటులిజం అనే విషబాధను కలిగించే క్లాస్ట్రీడియం బ్యాక్టీరియా బీజాలుంటాయి. పులుపు లేని పదార్థం, గాలి తగలని నూనె వాటికి సరిగ్గా కావలసిన చోటు. అందులో తయారయ్యే విషం ప్రాణం తీయగలదు, పైగా రంగులోనూ వాసనలోనూ తేడా తెలియకపోవచ్చు.

వండే ముందు నల్లదాన్ని చల్లటి నీటి ధార కింద మెత్తటి బ్రష్‌తో రుద్ది, వెంటనే తుడవాలి. తెల్లదానికి బ్రష్, తడిగుడ్డ చాలు. తెల్ల ట్రఫుల్‌ని వండనే కూడదు. వేడివేడి పాస్తా మీదో గుడ్ల మీదో, తినబోయే ముందు కాగితమంత పల్చగా రేకులు గీయాలి. నల్లది కాస్త వేడిని తట్టుకుంటుంది, కొవ్వు తోడుంటే ఇంకా మేలు. దీని వాసన పదార్థాలు నీటిలో కన్నా కొవ్వులో బాగా ఇముడుతాయి.

ఇద్దరికి నాలుగు గుడ్లు, 20 గ్రాముల వెన్న, 15 గ్రాముల నల్ల ట్రఫుల్ తీసుకోండి. సగం ట్రఫుల్ సన్నగా తురిమి గిలక్కొట్టిన గుడ్లలో కలిపి, ఉప్పు వేసి, పావుగంట ఉంచండి. వెన్న కరిగాక గుడ్లు పోసి, బాగా సన్నని మంట మీద ఆపకుండా కలపండి. ఇంకా జారుగా ఉండగానే దించి, మిగతా సగాన్ని రేకులుగా పైన వేయండి. మంట పెద్దదైతే గుడ్లు ముద్దలు కట్టి నీరు విడుస్తాయి, వాసనా ఆవిరవుతుంది. వెల్లుల్లి, మిరియాలు, నిమ్మరసం దగ్గరకు రానివ్వకండి.

మార్కెట్లో దొరికే ట్రఫుల్ నూనెల్లో చాలావాటి వాసన 2,4-డైథయాపెంటేన్ అనే ఒక్క పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి కలిపినదే. తెల్ల ట్రఫుల్‌లో అది ముఖ్యమైనదే, కానీ అసలు గడ్డలో దానితో పాటు పదుల కొద్దీ వాసనలు కలిసి ఉంటాయి. ఆ నూనెనే ట్రఫుల్ అనుకుని అలవాటుపడ్డవాళ్లకు అసలుది చప్పగా తోచడం మాత్రం విచారకరం.

నల్ల ట్రఫుల్ మిగిలితే 100 గ్రాముల మెత్తటి వెన్నలో 10 గ్రాముల తురుము, చిటికెడు ఉప్పు కలిపి, చిన్న ముద్దలుగా చేసి ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. గడ్డను నేరుగా గడ్డకట్టిస్తే మాత్రం కరిగాక స్పాంజిలా మెత్తబడుతుంది. కాబట్టి కరగనివ్వకుండా, గట్టిగా ఉండగానే తురిమి, మిగిలినదాన్ని వెంటనే మళ్లీ ఫ్రీజర్‌లోకి చేర్చాలి.