గట్టి ఫోన్, సిగ్నల్ పట్టే ఫోన్ ఒకటి కావు: అపోహలు - వాస్తవాలు

టవర్ సిగ్నల్ ఎక్కడెక్కడ ఎంత అందుతోందో తిరిగి కొలవడం నా ఉద్యోగం. ఆ మాట తెలియగానే చాలామంది అడిగేది ఒకటే: "మా వైపు సిగ్నల్ సరిగ్గా రాదు, మంచి రగ్గడ్ ఫోన్ ఏదైనా చెప్పండి." ఈ ఒక్క ప్రశ్నలో రెండు అవసరాలు కలిసిపోయాయి. కిందపడినా పగలకపోవడం ఒకటి. దూరంగా ఉన్న టవర్‌ని అందుకోవడం ఇంకొకటి. డబ్బా మీద 'రగ్గడ్' అని రాసి ఉంటే అది మొదటిదాని గురించే. రెండోదాని గురించి ఆ మాట ఏమీ చెప్పదు.

అపోహ: రగ్గడ్ ఫోన్ మామూలు ఫోన్ కంటే దూరం నుంచి సిగ్నల్ పట్టుకుంటుంది

మందమైన రబ్బరు అంచు, బరువైన బాడీ చూస్తే లోపల రేడియో కూడా అంతే బలంగా ఉంటుందనిపిస్తుంది. కానీ 4జీ ఫోన్లు పంపగలిగే శక్తికి ప్రమాణాలే హద్దు పెట్టాయి. మామూలుగా అది 23 డీబీఎం (రేడియో శక్తిని కొలిచే లెక్క), అంటే 200 మిల్లీవాట్లు. ఎంత దిట్టంగా కనిపించినా రగ్గడ్ ఫోన్ కూడా సాధారణంగా ఆ హద్దులోనే పనిచేస్తుంది. టవర్ మాత్రం పదుల వాట్లతో మాట్లాడుతుంది. అందుకే సిగ్నల్ అంచున అవతలివాళ్ల మాట మనకి వినిపిస్తుంది, మన మాట వాళ్లకి తెగిపోతూ ఉంటుంది. ముందు కుంటుపడేది మన వైపు నుంచి టవర్‌కి వెళ్లే దారే.

"పాత కీప్యాడ్ ఫోన్‌కి ఇక్కడ బాగానే వచ్చేదండీ" అని పెద్దవాళ్లు అంటే కొట్టిపారేయకండి. 900 మెగాహెర్ట్జ్ మీద నడిచే 2జీ ఫోన్‌కి 2 వాట్ల వరకూ అనుమతి ఉండేది. వాళ్ల జ్ఞాపకంలో నిజం ఉంది.

ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా సంస్థ ఫోన్లను పరీక్షించి, మారుమూల ప్రాంతాల్లో కాల్స్ బాగా అందుకునే వాటికి 'బ్లూ టిక్' ఇస్తుంది. ఆ గుర్తు వచ్చినవాటిలో రోజూ చూసే మామూలు ఫోన్లూ ఉంటాయి. రగ్గడ్ అయినంత మాత్రాన ఆ గుర్తు రాదు. మీ ఆపరేటర్ దగ్గర అలాంటి జాబితా ఏదైనా ఉంటే మొదట అది చూడండి.

అపోహ: 5జీ అని ఉంటే బ్యాండ్ల సంగతి పట్టించుకోనక్కర్లేదు

బ్యాండ్ అంటే ఫోనూ టవరూ మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీల వరస, ఒక్కోదానికి ఒక్కో నంబరు. నన్నడిగితే, బలహీన సిగ్నల్ ఉన్నచోట ఫోన్ కొనేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. జనం చివర్లో కూడా చూడరు.

ఫ్రీక్వెన్సీ తక్కువైతే సిగ్నల్ ఎక్కువ దూరం వెళ్తుంది, గోడల్నీ చెట్లనీ కాస్త మెరుగ్గా దాటుతుంది. అడ్డేమీ లేని చోట కూడా 700 మెగాహెర్ట్జ్‌తో పోలిస్తే 2300 మెగాహెర్ట్జ్ దగ్గర నష్టం దాదాపు 10 డెసిబెల్స్ ఎక్కువ. అంటే అదే దూరంలో అందే శక్తి సుమారు పదో వంతు. దూరప్రాంతాల్లో చివరిదాకా అందేది ఎక్కువగా ఈ తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లే: 700లో బ్యాండ్ 28, 800లో బ్యాండ్ 20, 850లో బ్యాండ్ 5, 900లో బ్యాండ్ 8. ఇందులో ఏది నడుస్తుందో దేశాన్ని బట్టి, ఆపరేటర్‌ని బట్టి మారుతుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఒకే పేరు, ఒకే రంగు, ఒకే డబ్బాతో వచ్చే ఫోన్‌కి వేర్వేరు దేశాల కోసం వేర్వేరు బ్యాండ్లు ఉంటాయి. తేడా మోడల్ నంబరు చివర ఒకట్రెండు అక్షరాల్లోనే కనిపిస్తుంది. వేరే దేశం కోసం చేసిన రగ్గడ్ ఫోన్‌ని ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, మీ దగ్గరి టవర్ ఏ బ్యాండ్ మీద నడుస్తోందో సరిగ్గా అదే లేకపోవచ్చు. అప్పుడు ఆ టవర్ పక్కనే నిలబడినా ఆ బ్యాండ్ విషయంలో ఫోన్‌కి చెవుడే. మీ ఆపరేటర్ మీ వైపు వాడే బ్యాండ్ల నంబర్లు కనుక్కుని కాగితం మీద రాసుకోండి. మోడల్ నంబరుతో సహా స్పెసిఫికేషన్ల పేజీ తెరిచి ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోండి. పావుగంట పని.

5జీ గురించి రెండే మాటలు. తక్కువ ఫ్రీక్వెన్సీ మీద నడిచే 5జీ అయితే సంతోషం. లేకపోతే అంచున ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య ఊగుతూ బ్యాటరీ తినేస్తుంది. అలాంటి చోట సెట్టింగ్స్‌లో 4జీకి పరిమితం చేస్తే కాల్స్ నిలకడగా ఉంటాయి.

అపోహ: 4జీ వస్తే కాల్ కూడా వస్తుంది

4జీ మీద మాట వెళ్లాలంటే వోల్టీ (VoLTE, కాల్‌ని 4జీ మీదే నడిపే పద్ధతి) పనిచేయాలి. ఫోన్‌లో వోల్టీ ఉంటే చాలదు, మీ ఆపరేటర్ నెట్‌వర్క్‌లో ఆ మోడల్‌కి అది పనిచేయాలి. లేకపోతే కాల్ నొక్కగానే ఫోన్ 3జీకో 2జీకో దిగుతుంది. అవి తీసేసిన చోట దిగడానికి మెట్టే ఉండదు. ఇంటర్నెట్ వస్తుంది, కాల్ వెళ్లదు.

ఇది ఎంత దూరం పోతుందో 2024లో ఆస్ట్రేలియాలో తెలిసింది. అక్కడ 3జీ ఆపేసినప్పుడు, 4జీ మీద అత్యవసర కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్క్ నుంచి తీసేయాలని ఆపరేటర్లకు నిబంధన పెట్టారు. ఇంటర్నెట్ చక్కగా వస్తున్న ఫోన్లు కూడా అలా పక్కకి పోయాయి. పేరు పెద్దగా వినని కంపెనీ రగ్గడ్ ఫోన్ కొనే ముందు వోల్టీ సంగతి ఆపరేటర్‌నే అడగండి, అమ్మేవాణ్ణి కాదు.

ఇంట్లో వైఫై ఉండి సిగ్నల్ మాత్రమే లేకపోతే వైఫై కాలింగ్ (టవర్ బదులు వైఫై మీదుగా కాల్ వెళ్లడం) చూడండి. దీనికీ అదే షరతు, ఫోనూ ఆపరేటరూ ఇద్దరూ ఒప్పుకోవాలి.

అపోహ: గీతలు ఎక్కువ చూపించే ఫోనే మంచిది

ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపాలో అందరికీ వర్తించే రూలేమీ లేదు. ఒకే సిగ్నల్‌కి ఒక కంపెనీ రెండు గీతలు చూపిస్తే ఇంకొకరు నాలుగు చూపిస్తారు. మేం పనిలో గీతల వంక చూడం. ఆండ్రాయిడ్ ఫోన్లో చాలావరకు సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే డీబీఎంలో ఒక అంకె కనిపిస్తుంది. దాని ముందు మైనస్ ఉంటుంది కాబట్టి -95 అనేది -115 కంటే మెరుగు. 4జీలో -80 దగ్గర ఉంటే హాయి. -110 అంటే బలహీనం. -120 దాటాక కాల్ నిలవడం అదృష్టమే.

రెండు ఫోన్లను పోల్చాలంటే ఒకే సిమ్‌ని మార్చి మార్చి వేసి, ఒకే చోట, ఒకే బ్యాండ్ మీద ఉన్నప్పుడు చూడండి. అంకె కదులుతూనే ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసి తేల్చకండి, కొన్ని నిమిషాలు గమనించండి. తేడా నిలకడగా 6 డెసిబెల్స్ ఉంటే అది చిన్నది కాదు, నాలుగు రెట్ల శక్తి. తర్వాత కాల్ చేసి అవతలివాళ్లకి ఎలా వినిపిస్తోందో అడగండి, ఎందుకంటే స్క్రీన్ మీద అంకె టవర్ నుంచి వచ్చేదాన్నే చెబుతుంది.

ఫోన్ పట్టుకునే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. చాలా ఫోన్లలో ప్రధాన యాంటెన్నా కింది అంచున ఉంటుంది, మన అరచెయ్యి సరిగ్గా అక్కడే మూస్తుంది. 2010లో ఐఫోన్ 4ని ఓ పక్క పట్టుకుంటే సిగ్నల్ పడిపోతోందని ఎంత గోల జరిగిందో గుర్తుందా? కింది భాగం వదిలి మధ్యలో పట్టుకుని చూడండి. ఇంకా మేలు, సిగ్నల్ వచ్చే కిటికీ దగ్గర ఫోన్ పెట్టేసి ఇయర్‌ఫోన్స్‌తో మాట్లాడండి. లోహపు కేసు ఉంటే తీసేయండి.

అపోహ: మిలిటరీ గ్రేడ్, ఐపీ68 ఉంటే ఇక ఏమీ కాదు

'మిలిటరీ గ్రేడ్' అనే మాట వెనక ఉండేది మిల్-ఎస్‌టీడీ-810, అమెరికా రక్షణ శాఖ పరీక్షా పద్ధతుల పుస్తకం. 2019 నాటి హెచ్ ప్రతి పేరు డబ్బాల మీద తరచుగా కనిపిస్తుంది. ఫోన్లకి ఆ శాఖ సర్టిఫికెట్ ఇవ్వదు. ఏ పరీక్షలు చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది. కింద పడేసే పరీక్షలో 26 సార్లు పడేయాలి: 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు. ఆ 26ని ఐదు ఫోన్ల వరకూ పంచుకోవచ్చు. అంటే ఒకే ఫోన్ అన్ని దెబ్బలూ తట్టుకుందని అర్థం చేసుకోకూడదు.

ఐపీ అనేది దుమ్మూ నీళ్లూ లోపలికి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్. ఐపీ68లో 6 దుమ్ముకి, 8 నీటిలో మునగడానికి. ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పినదే. పరీక్ష చేసేది మంచినీళ్లతో. ఉప్పునీళ్లు, సబ్బు, పైపుతో గట్టిగా కొట్టే నీళ్లు వేరే లెక్క. ఫోన్‌ని పైపు కింద కడిగే పని మీదైతే ఐపీ69 కూడా ఉందేమో చూడండి.

నేను ముందుగా పాడవడం చూసేది స్క్రీన్ కాదు, చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత. రోజూ గోటితో లాగుతుంటే దాని తోక సాగుతుంది, తర్వాత మూల సరిగ్గా కూర్చోదు, ఆ సందులోంచి మట్టి వెళ్తుంది. అప్పటికి ఐపీ68 డబ్బా మీదే మిగులుతుంది. మూత అవసరం లేకుండా లోపలే సీల్ చేసిన పోర్టు ఉంటే అది తీసుకోండి.

అపోహ: 10,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటే చార్జింగ్ టెన్షన్ ఉండదు

సగం నిజం. సిగ్నల్ అంచున ఫోన్ పూర్తి శక్తితో పంపుతుంది, టవర్ దొరక్కపోతే వెతుకుతూనే ఉంటుంది. ఎంత పెద్ద బ్యాటరీనైనా ఈ వెతుకులాట కరిగిస్తుంది. అసలు సిగ్నల్ లేని చోట ఉన్నంతసేపూ ఫ్లైట్ మోడ్ పెట్టండి. బ్యాటరీ పెద్దదైతే ఫోన్ బరువెక్కుతుందని, బరువైన ఫోన్ మరింత గట్టిగా పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

అపోహ: సిగ్నల్ రాకపోతే బూస్టర్, లేదంటే శాటిలైట్ ఉంది కదా

సిగ్నల్ పెంచుతాయని చెప్పి అమ్మే, ఫోన్ వెనక అంటించే స్టిక్కర్ల గురించి రాయడం దండగ. అసలైన రిపీటర్లు (టవర్ సిగ్నల్‌ని పట్టి, పెంచి మళ్లీ పంపే పరికరాలు) పనిచేస్తాయి. కానీ చాలా దేశాల్లో వాటికి అనుమతి కావాలి, ఎందుకంటే ఒకటి సరిగ్గా లేకపోతే చుట్టుపక్కల అందరి సిగ్నలూ చెడుతుంది. దానికంటే ముందు వేరే ఆపరేటర్ సిమ్ ఒకటి రెండో స్లాట్‌లో వేసి చూడండి. ఫోన్ మార్చినా తీరని సమస్య టవర్ మారితే తీరడం నేను తరచూ చూస్తాను.

శాటిలైట్ ఫీచర్ పని చేస్తుంది, అయితే దాని పరిధి తెలుసుకుని కొనండి. 2022లో ఐఫోన్ 14తో ఆపిల్ తెచ్చిన సదుపాయం గ్లోబల్‌స్టార్ ఉపగ్రహాల మీద అత్యవసర సందేశాలు పంపడానికి. కాల్స్ మాట్లాడటానికి కాదు. అది కొన్ని దేశాల్లోనే ఉంది. ఆకాశం బాగా కనిపించే చోట నిలబడి, స్క్రీన్ చెప్పిన దిక్కుకి ఫోన్ తిప్పి పట్టుకోవాలి. దట్టమైన చెట్ల కింద సందేశం వెళ్లడానికి చాలాసేపు పడుతుంది, ఒక్కోసారి వెళ్లదు. ఇంటి లోపలైతే అసలు ఆశ పెట్టుకోకండి.