గాయం మానింది, వేలు వంగలేదు

ఒడిశా గుణుపురంలో మా చిన్నాన్నకి కిరాణా కొట్టుంది. కాటా వచ్చి ఎన్నేళ్లయినా పాత బేరాలవాళ్లకి ఇప్పటికీ బియ్యం తవ్వతోనే కొలిచి పోస్తాడు. మార్చిలో ఒక రాత్రి కొట్టు మూసి వస్తుంటే సందులో కుక్క కుడిచెయ్యి పట్టేసింది. పన్ను చూపుడువేలి మొదట్లో, అరచేతి వైపు దిగింది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాడు. సబ్బు నీళ్లతో బాగా కడిగారు, గాయంలోకి రేబిస్‌ని అడ్డుకునే సీరం ఎక్కించారు, రెండు జబ్బలకీ టీకా, ధనుర్వాతానికి ఇంకో సూది. చిన్నాన్నకి ఒడియా మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. కార్డు మీద రాసినది పక్కింటి కుర్రాడితో చదివించుకుని నాలుగు దఫాలూ తప్పకుండా వెళ్లాడు. నెల తిరిగేసరికి గాయం మానిపోయింది.

జూన్‌లో నేను వెళ్లేసరికి తవ్వ ఎడమ చేతిలోకి మారింది. పిడికిలి పట్టమంటే మూడు వేళ్లు అరచేతిని తాకాయి, చూపుడువేలు మాత్రం నిటారుగా నిలబడిపోయింది. "గాయం మానిపోనాది గదా, మరి ఇదేటిరా?" అన్నాడు.

కుక్కకాటు అనగానే మనకి రేబిస్ ఒక్కటే గుర్తొస్తుంది. అందులో తప్పేం లేదు, ఆ జబ్బు లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కానీ టీకాల కార్డు నిండగానే అంతా అయిపోయిందనుకుంటాం. చేతికి అసలు పని అప్పుడే మొదలవుతుంది.

పెద్ద కుక్క నోట్లో 42 పళ్లుంటాయి. వాటిలో నాలుగు కోరలు. కోర కత్తిలా కోయదు, మేకులా దిగుతుంది. దవడేమో ఆ కోర చుట్టూ ఉన్న కండని నలిపేస్తుంది, కుక్క తల విదిలిస్తే చీల్చేస్తుంది కూడా. పైకి కనిపించేది కందిగింజంత కన్నం, లోపల మాత్రం నలిగిన కండ, చితికిన నరం, నోటి క్రిములు. కన్నం పైన త్వరగా మూసుకుపోతుంది, క్రిములు లోపల ఉండిపోతాయి. చాలా కాట్లకి వెంటనే కుట్లు వేయకుండా వదిలేసేది అందుకే. కుక్క కాటుకి చెప్పుదెబ్బ అంటాం గానీ, చెప్పుదెబ్బ చర్మం మీద తేలిపోతుంది, కాటు అలా తేలదు.

ఆ క్రిముల్లో ఒకదాని పేరు పాశ్చురెల్లా. 1885లో కుక్క కరిచిన కుర్రాడికి మొదటిసారి రేబిస్ టీకా వేసిన లూయీ పాశ్చర్ పేరే దానికీ పెట్టారు. ఇది చాలా తొందర మనిషి లాంటిది, తరచు ఒక్క రోజులోపే వాపు, ఎరుపు, సలుపు తెస్తుంది. గొంతు నొప్పికో గజ్జికో వాడగా మిగిలిన మాత్రలు మింగితే దీనికి పనిచేస్తాయన్న నమ్మకం లేదు. కాటుకి డాక్టర్లు సాధారణంగా అమాక్సిసిలిన్, క్లావులనిక్ ఆమ్లం కలిపిన మందు రాసేది ఇలాంటి క్రిముల్ని దృష్టిలో పెట్టుకునే.

ఇక వేలి సంగతి. వేలిని వంచే స్నాయువు, అంటే కండని ఎముకకి కలిపే తాడు లాంటిది, ఒక సన్నని గొట్టంలో జారుతూ ఉంటుంది, సైకిలు బ్రేకు తీగ తన తొడుగులో జారినట్టు. కాటుకి ఆ గొట్టం లోపల రక్తమో చీమో చేరితే, మానేటప్పుడు పుట్టే కొల్లాజెన్ అనే పీచు పదార్థం స్నాయువుని గొట్టానికి అతికించేస్తుంది. పైగా నొప్పికి భయపడి చిన్నాన్న రెండు నెలలు ఆ వేలు కదపలేదు. కదలని చోట వాపు గడ్డకడుతుంది, కీలు బిగుస్తుంది. "రెస్ట్ ఇవ్వండి" అన్న మాట మొదటి రోజులకి సరే. ఎప్పుడు కదపాలో చెప్పేవాళ్లే దొరకరు, నా కోపం అక్కడ.

శ్రీకాకుళంలో ఫిజియోథెరపిస్టుకి చూపిద్దామని గుణుపురం బండెక్కి ఆమదాలవలసలో దిగాం. ఆవిడ ముందు చీము లేదని చూసుకుంది. వేలి గొట్టంలో చీము పడిందేమో తేల్చడానికి అమెరికన్ సర్జన్ అలెన్ కెనవెల్ చెప్పిన నాలుగు గుర్తులు ఇప్పటికీ చూస్తారు. వేలంతా ఉబ్బడం, కొంచెం వంగి ఉండిపోవడం, గొట్టం పొడవునా నొక్కితే నొప్పి, ఎవరైనా చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి. ఇవి కనిపిస్తే ఆ రోజే సర్జన్ దగ్గరికి పరిగెత్తాలి. నెలల తర్వాత కూడా మచ్చలోంచి ఊట కారుతుంటే ఎముకకి చీము పట్టిందేమో, పన్ను ముక్క లోపల ఉందేమో అని ఎక్స్‌రే తీయించాలి.

చిన్నాన్నకి అవేవీ లేవు. వేలి కింది కీలు రెండో చేత్తో నిలబెట్టి పట్టుకుని కొస మాత్రమే వంచమంది, తర్వాత నడిమి కీలు. ముందు చెయ్యి గోరువెచ్చని నీళ్లలో పెట్టడం, తడిగుడ్డ పిండడం, చపాతీ పిండి కలపడం. పూటకి పదేసి సార్లు. పక్కింటాయన నూనె రాసి వేలిని బలవంతంగా వంచబోతే వద్దంది, అలా లాగితే లోపల మళ్లీ చిరిగి ఇంకా బిగుస్తుందట.

చిన్నాన్నకి అసలు టెన్షన్ వేరే ఉంది. మచ్చ మీద తడితే వేలి కొసవైపు కరెంటు కొట్టినట్టవుతోంది. కాటు దగ్గర తిమ్మిరి రేబిస్ మొదటి లక్షణం కూడా అని ఎవరో చెప్పారు. అది నిజమే. కానీ సీరం, టీకాలు సకాలంలో పూర్తిగా వేయించుకున్నవాళ్లకి రేబిస్ రావడం బహు అరుదు. టీకా అసలు వేయించుకోనివాళ్లు మాత్రం నెలలు గడిచినా సరే ఇప్పుడైనా వెళ్లి మొదలుపెట్టాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం అక్కర్లేదు. గొర్రె మెదడుతో చేసే ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004తో ఆగిపోయింది.

చిన్నాన్న చేతిలో కొడుతున్న ఆ కరెంటు నరం మళ్లీ పెరుగుతున్న గుర్తు. తెగిపోతే కుట్టాలి గానీ, చితికిన నరం తనంతట తానే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పాకుతుంది. కొత్త కొస ఎక్కడుందో అక్కడ తడితే కరెంటు కొడుతుంది. 1915లో, ప్రపంచయుద్ధం మధ్యలో, ఫ్రాన్స్‌లో జూల్స్ టినెల్, జర్మనీలో పాల్ హాఫ్‌మన్ ఎవరికి వారే ఈ సంగతి రాశారు, సరిహద్దుకి చెరో పక్క. చిన్నాన్న ఇప్పుడు నెలకోసారి తట్టి, కరెంటు కొట్టిన చోట బాల్‌పెన్‌తో గీత పెడుతున్నాడు. జులై గీతకీ ఆగస్టు గీతకీ మధ్య మూడు వడ్లగింజలు వరసగా పడతాయి.

మచ్చ దురద పెడుతుంది, గట్టిగా ఉంటుంది. లోపలి పీచు ఏడాది పైగా సర్దుకుంటూనే ఉంటుంది, ఎంత సర్దుకున్నా పాత చర్మం బలంలో 80 శాతం దాటదు. కొబ్బరినూనెతో మెల్లగా మర్దనా, ఎండ తగలకుండా గుడ్డ చాలు. మచ్చ గాయం హద్దు దాటి ఉబ్బుకుంటూ పోతే అది కెలాయిడ్, చర్మం డాక్టర్ పని. పథ్యం పేరుతో పిన్ని పప్పు, గుడ్డు మాన్పించింది, చీము పడుతుందని. కొల్లాజెన్ తయారయ్యేది మాంసకృత్తులతోనే, అవి ఉన్నది పప్పులోనూ గుడ్డులోనూ. షుగరుంటే దాన్ని అదుపులో పెట్టుకోవడం ఏ పథ్యం కన్నా ముఖ్యం.

సెప్టెంబరులో తవ్వ కుడిచేతికి వచ్చింది, నిండా పోస్తే కాస్త ఒలుకుతోంది. ఆ కుక్క ఇంకా అదే సందులో బెల్లం బండి కింద పడుకుంటుంది. కరిచిన పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉందంటే కరిచిననాడు దానికి రేబిస్ లేనట్టేనని నేను చెప్పాను, చిన్నాన్న విన్నాడు. రాత్రి కొట్టు మూశాక మాత్రం ఇప్పటికీ పెద్దవీధి చుట్టు తిరిగే ఇంటికొస్తాడు.