దోహాలో చేసిన ఒక్క ఫోను: విదేశీ కాల్స్ బిల్లుల మీద అపోహలు - వాస్తవాలు

"అమ్మా, నేను ప్యాక్ వేయించుకునే బయల్దేరాను. మరి ఈ బిల్లు ఎందుకొచ్చినట్టు?"

భీమవరం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు నా టేబుల్ మీద బిల్లు పరిచి అడిగిన మాట ఇది. డాలస్‌లో ఉన్న కూతురింటికి వెళ్తూ, అక్కడ మన సిమ్మే వాడుకునేందుకు అమెరికా రోమింగ్ ప్యాక్ వేయించుకున్నారు. దోహాలో విమానం మారాలి. నాలుగు గంటల ఖాళీ దొరికింది. ఫోన్ ఆన్ చేసి, "దోహాలో దిగామమ్మా, మీ అమ్మ కులాసా" అని కూతురికి చెప్పారు. కాసేపటికి కూతురు రెండుసార్లు చేస్తే మాట్లాడారు. అంతే. బిల్లులో ఆ మూడు వరుసల కిందా పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఎర్ర ఇంకుతో గీతలు గీసుకొచ్చారు. మొదటి కాల్ ఒక నిమిషం నాలుగు సెకన్లు, లెక్క పడింది రెండు నిమిషాలకు. దాని మీద 18 శాతం జీఎస్టీ.

హైదరాబాద్‌లో ఒక మొబైల్ కంపెనీ బిల్లింగ్ ఫిర్యాదుల విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇలాంటి బిల్లులు పట్టుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తల్లిదండ్రులే. రూపాయి రూపాయి చూసుకుని బతికినవాళ్లు. అంతా సరిగ్గా చేశామనే అనుకుంటారు. వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పని సంగతి ఒకటుంది. కాల్ రేటు మనం ఎవరితో మాట్లాడుతున్నామన్నదాన్ని బట్టి పడదు. ఆ క్షణంలో మన సిమ్ ఏ దేశపు టవర్ మీద ఉంది, కాల్ ఏ దేశంలో దిగుతోంది అన్నదాన్ని బట్టి పడుతుంది. కింద చెప్పే అపోహలు చాలావరకు ఇది తెలియక పుట్టినవే.

అపోహ: రోమింగ్ ప్యాక్ వేయించుకుంటే దారిలో ఎక్కడైనా మాట్లాడుకోవచ్చు.

వాస్తవం: ప్యాక్ అందులో రాసి ఉన్న దేశాల్లోనే పనిచేస్తుంది. మాస్టారి ప్యాక్‌లో అమెరికా ఉంది, ఖతార్ లేదు. దోహా టవర్ పట్టుకోగానే ఆయన ఫోను ప్యాక్ లేని మామూలు రోమింగ్ రేట్లలోకి వెళ్లిపోయింది.

ప్యాక్ ఉన్న దేశంలోనైనా కాల్స్ అన్నీ ఒకటి కావు. నాలుగు రకాలుంటాయి: మీరున్న దేశంలోని నంబర్లకు చేసేవి, ఇండియాకు చేసేవి, మూడో దేశానికి చేసేవి, మీకు వచ్చేవి. చాలా ప్యాక్‌లలో ఉచిత నిమిషాలు లోకల్ కాల్స్‌కి, ఇండియా కాల్స్‌కి, వచ్చే కాల్స్‌కి వర్తిస్తాయి. మూడో దేశం మాత్రం వేరే లెక్క, అన్నిటికన్నా ఎక్కువ రేటు సాధారణంగా దానికే. మాస్టారి మొదటి కాల్ సరిగ్గా అదే. ఇండియా సిమ్, ఖతార్ టవర్, కాల్ దిగింది అమెరికాలో.

దోహాలో దిగగానే రేట్లు చెబుతూ కంపెనీ పంపిన ఎస్సెమ్మెస్ ఆయన ఫోన్‌లోనే ఉంది. నేనే వెతికి చూపించాను. ఇంగ్లీషులో నాలుగు వరుసలు, చివరి వరుసలో 'రెస్ట్ ఆఫ్ ది వరల్డ్' అని ఒక రేటు. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. "రెస్ట్ ఆఫ్ ది వరల్డ్ అంటే మా అమ్మాయని నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ మెసేజ్ తెలుగులో, సూటిగా, "ఇక్కడి నుంచి అమెరికాకు చేస్తే నిమిషానికి ఇంత" అని ఉండాలని ఆ రోజు నుంచీ ప్రతి మీటింగ్‌లో అడుగుతూనే ఉన్నాను.

సరిహద్దుల దగ్గర ఇంకో చిక్కుంది. అమెరికా వైపు నయాగరా చూడ్డానికి నిలబడితే ఎదురుగా కనిపించేది కెనడా. అటువైపు సిగ్నల్ బలంగా ఉంటే ఫోన్ దాన్నే పట్టుకుంటుంది. మీరు అడుగు కూడా కదపలేదు, బిల్లు దృష్టిలో మాత్రం దేశం మారిపోయారు. ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్రలకు వెళ్లేవాళ్లకు నేపాల్ సరిహద్దులోని సునౌలి దగ్గర కూడా ఇదే జరగొచ్చు, నేపాల్ టవర్ ముందే అందుకోవచ్చు. అలాంటిచోట సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చి, మీకు కావలసిన దేశపు కంపెనీని ఎంచుకోండి. జర్మనీలో చదువుకునే పిల్లలు కూడా గమనించాలి. 2017 జూన్ నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల సిమ్‌లకు ఆ దేశాల మధ్య అదనపు రోమింగ్ ఛార్జీలు ఎత్తేశారు గానీ స్విట్జర్లాండ్ ఆ నిబంధన కిందికి రాదు. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ కూడా బయటే.

విమానంలో, క్రూయిజ్ ఓడలో దొరికే మొబైల్ సిగ్నల్ శాటిలైట్ మీద నడుస్తుంది. దేశాల ప్యాక్‌లు చాలావరకు దానికి వర్తించవు. ఎక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టేయండి.

అపోహ: మనం చేస్తేనే డబ్బులు, వచ్చే కాల్‌కి ఏమీ పడదు.

వాస్తవం: ఇది మన దేశంలో స్థిరపడిపోయిన అలవాటు. 2003కి ముందు ఇక్కడ కూడా సెల్‌కి వచ్చే కాల్‌కి డబ్బులు పోయేవి. ఆ సంవత్సరం చేసేవాళ్లే చెల్లించే పద్ధతి వచ్చాక ఆ సంగతే మరిచిపోయాం. విదేశానికి వెళ్లిన మన సిమ్‌కి మాత్రం ఆ పాత లెక్కే నడుస్తుంది.

ఎందుకో ఒక్కసారి చూడండి. భీమవరంలో మీ తమ్ముడు మీ నంబరుకు ఫోన్ చేశాడు. మీరు డాలస్‌లో ఉన్నారని అతనికి తెలియకపోవచ్చు, అతని కంపెనీకి అక్కర్లేదు. అతను ఇండియా నంబరుకు చేశాడు కాబట్టి ఇండియా రేటే చెల్లిస్తాడు. ఆ కాల్ ఇండియా నుంచి డాలస్ దాకా వచ్చిన దూరానికి ఎవరో ఒకరు కట్టాలి. ఆ ఎవరో ఒకరు మీరే. మాస్టారి విషయంలో ఇది ఇంకా విచిత్రం. డాలస్ నుంచి కూతురు చేసిన కాల్ ముందు ఇండియా వచ్చి, ఇక్కడి నుంచి దోహా వెళ్లింది. కూతురికి ఇండియా కాల్ లెక్క పడింది, తండ్రికి ఖతార్‌లో ఇన్‌కమింగ్ లెక్క పడింది. ఒకే మాటకు ఇద్దరూ కట్టారు.

రింగై ఆగిపోయిన కాల్‌కి మామూలుగా డబ్బులు పడవు. అయితే మీరు ఎత్తకపోతే వాయిస్ మెయిల్‌కో వేరే నంబరుకో వెళ్లేలా ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే, కాల్ మీ దాకా వచ్చినందుకు ఒకసారి, తిరిగి వెళ్లినందుకు ఇంకోసారి పడే ప్రమాదం ఉంది. బయల్దేరే ముందురోజు ##002# డయల్ చేస్తే ఫార్వర్డింగ్‌లన్నీ రద్దవుతాయి. ఇది ఇండియాలో ఉండగానే చేసుకోండి.

అపోహ: వాట్సాప్ కాల్ కదా, ఎంతసేపు మాట్లాడినా ఫ్రీ.

వాస్తవం: వాట్సాప్ ఫ్రీ, దాన్ని నడిపే నెట్ ఫ్రీ కాదు. వైఫై మీద ఉంటే బెంగ లేదు. ప్యాక్ లేకుండా డేటా రోమింగ్ ఆన్‌లో ఉంటే మాత్రం వాయిస్ కాల్ కన్నా వీడియో కాల్ ఎన్నో రెట్లు తినేస్తుంది. మీరు మాట్లాడకపోయినా ఫొటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు, గ్రూపుల్లో వచ్చిపడే గుడ్ మార్నింగ్ వీడియోలు వాటంతటవే దిగుతూ ఉంటాయి. డేటా రోమింగ్ ఆఫ్ చేయడం వేరు, సిమ్ ఆఫ్ చేయడం వేరు. డేటా రోమింగ్ ఆఫ్ చేసినా బ్యాంకు ఓటీపీలు వస్తాయి. అందుకు సిమ్‌లో అంతర్జాతీయ రోమింగ్ యాక్టివేట్ అయి ఉండాలి, అంతే. మన కంపెనీలు మామూలుగా వచ్చే ఎస్సెమ్మెస్‌లకు డబ్బులు తీసుకోవు.

గల్ఫ్ కుటుంబాల కష్టం వేరు. యూఏఈలో వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్ పనిచేయవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌ల్లోనే మాట్లాడుకోవాలి. జగిత్యాల నుంచి ఒక చెల్లెలు వచ్చింది. భర్త దుబాయ్‌లో కార్పెంటర్. వాట్సాప్ కలవక, కాంటాక్ట్స్‌లో ఆయన పేరు మీద నొక్కింది. అది ఇండియా నుంచి విదేశానికి చేసే మామూలు ఐఎస్‌డీ కాల్. రోజూ ఐదు, పది నిమిషాలు. ఎన్నిసార్లు రీఛార్జ్ చేసినా బ్యాలెన్స్ ఎందుకు నిలవడం లేదో ఆమెకు అర్థం కాలేదు. "అక్కా, ఫోనే పాడైందనుకున్నా" అంది. ఆమె ఫోన్‌లో రెండు పనులు చేశాను. భర్త వాడే యాప్‌నే ఈమె ఫోన్‌లోనూ వేశాను. అత్యవసరానికి ఆ దేశపు ఐఎస్‌డీ ప్యాక్ ఎలా వేసుకోవాలో చూపించాను. ప్యాక్ ఎంచుకునేటప్పుడు దేశం పేరొక్కటే చూస్తే చాలదు. కొన్ని దేశాలకు ల్యాండ్‌లైన్ రేటు వేరు, మొబైల్ రేటు వేరు.

అపోహ: ప్లస్ 1 అంటే అమెరికా, మనవాళ్లే ఎవరో మిస్డ్ కాల్ ఇచ్చి ఉంటారు.

వాస్తవం: ప్లస్ 1 కింద అమెరికా, కెనడాలతో పాటు కరీబియన్ దీవులు చాలా ఉన్నాయి. ప్లస్ 1 తర్వాత 876 ఉంటే జమైకా. 809, 829, 849 డొమినికన్ రిపబ్లిక్. చూడ్డానికి అన్నీ అమెరికా నంబర్లలాగే ఉంటాయి. రేటు మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ, అమెరికా ప్యాక్ వీటికి పనిచేయదు. ప్లస్ 881, 870తో మొదలైతే అవి శాటిలైట్ ఫోన్లు, వాటి సంగతి ఇంకా ఘోరం.

రాత్రి ఒక్క రింగు ఇచ్చి పెట్టేసే మోసానికి జపాన్ వాళ్లు పెట్టిన పేరు 'వాన్‌గిరి', అంటే ఒక్క రింగు ఇచ్చి కట్ చేయడం. మీరు కంగారుపడి తిరిగి చేస్తే, అవతల నంబరుకు ముట్టే ఛార్జీలో మోసగాడికి వాటా ఉంటుంది. అందుకే మిమ్మల్ని లైన్‌లో ఆపడానికి పాట వినిపిస్తారు, లేదా రికార్డు చేసిన రింగ్ టోనే వినిపిస్తారు. ఇంకా కలవలేదని మీరనుకుంటారు, అక్కడ నిమిషాలు నడుస్తుంటాయి. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇంట్లో అర్ధరాత్రి విదేశీ నంబరు కనిపిస్తే ఎంత టెన్షన్ పడతారో నాకు తెలుసు. తిరిగి చేయాల్సింది ఆ నంబరుకు కాదు, మీ దగ్గరున్న మీ పిల్లల నంబరుకు.

ఈ కాల్స్ గురించి వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. తిరిగి చేస్తే మూడు సెకన్లలో మీ కాంటాక్ట్స్, బ్యాంకు వివరాలు అన్నీ కాపీ చేసుకుంటారని. మామూలు వాయిస్ కాల్‌తో అది జరగదు. పోయేది బ్యాలెన్స్. ఇలాంటి కాల్స్ వెల్లువెత్తడంతోనే 2012లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, వినియోగదారు స్పష్టంగా ఒప్పుకోనిదే ప్రీపెయిడ్ సిమ్‌కి ఐఎస్‌డీ ఇవ్వొద్దని కంపెనీలను ఆదేశించింది. ఇంట్లో పెద్దవాళ్లు విదేశాలకు ఫోన్ చేసే అవసరం లేకపోతే కస్టమర్ కేర్‌కి చెప్పి ఐఎస్‌డీ తీయించేయండి. వచ్చే కాల్స్‌కి దానివల్ల ఇబ్బంది ఉండదు. అనుమానం ఉన్న నంబర్లను కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లోని 'చక్షు'లో ఫిర్యాదు చేయొచ్చు.

అపోహ: వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే రోమింగ్ గొడవే ఉండదు.

వాస్తవం: వైఫై కాలింగ్ అంటే టవర్ బదులు వైఫై మీద మన నంబరుతోనే మామూలు కాల్ చేయడం. ఇక్కడ కంపెనీకో రూలు. కొన్ని కంపెనీలు విదేశంలో వైఫై మీద చేసిన కాల్‌ని మీరు ఇండియాలో ఉండి చేసినట్టే లెక్కిస్తాయి. అప్పుడు ఇండియాకు చేసే కాల్ చవక. కానీ డాలస్‌లో కూర్చుని పక్కవీధి దుకాణానికి చేస్తే అది ఇండియా నుంచి అమెరికాకు ఐఎస్‌డీ అవుతుంది. కొన్ని కంపెనీలు రోమింగ్ లెక్కే వేస్తాయి. బయల్దేరే ముందు ఈ ఒక్క ప్రశ్నా అడిగి, జవాబు ఎస్సెమ్మెస్‌లోనో మెయిల్‌లోనో తీసుకోండి.

అపోహ: 1800 నంబర్లు ఎక్కడి నుంచి చేసినా ఉచితం.

వాస్తవం: ఉచితం ఆ దేశం లోపలే. మన 1800 నంబర్లు విదేశాల నుంచి చాలావరకు కలవవు. బ్యాంకు కార్డు పోతే చేయాల్సిన, ప్లస్ 91తో ఉండే నంబరును కార్డు వెనక నుంచి ముందే రాసి పెట్టుకోండి. ఇక్కడి నుంచి అమెరికా 1-800 నంబరుకు చేసినా, కలిస్తే ఐఎస్‌డీ రేటే పడుతుంది.

ఐఫోన్ కొన్నవాళ్లు తరచూ అడిగేది ఇంకొకటి. "నేనేమీ చేయలేదు, ఐదు రూపాయలు పోయాయి" అంటారు. ఐమెసేజ్, ఫేస్‌టైమ్ ఆన్ అయ్యేటప్పుడు ఫోన్ తనంతట తాను బ్రిటన్ నంబరుకు ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. అది అంతర్జాతీయ మెసేజ్ ఛార్జీ.

అపోహ: బిల్లు ఎక్కువైతే కంపెనీయే ఆపేస్తుంది.

వాస్తవం: ప్రీపెయిడ్‌లో బ్యాలెన్స్ అయిపోతే కాల్ ఆగుతుంది, నిజమే. పోస్ట్‌పెయిడ్‌లో అంత నమ్మకం పెట్టుకోవద్దు. మీరు దోహాలో మాట్లాడిన కాల్‌ని లెక్కించేది అక్కడి కంపెనీ. ఆ లెక్కల ఫైలు మన కంపెనీకి తర్వాత వస్తుంది. కొన్ని కాల్స్ వచ్చే నెల బిల్లులో కూడా తేలుతుంటాయి. ఎస్టీడీ బూత్‌లో ఎర్ర అంకెల మీటర్ కళ్లెదురుగా తిరిగేది, చూసి పెట్టేసేవాళ్లం. ఇక్కడ ఆ మీటర్ పరాయి దేశంలో ఉంటుంది. యాప్‌లో 'ఇప్పటివరకు వాడకం' అని చూపించే అంకె రోమింగ్‌లో ఆఖరి మాట కాదు.

అపోహ: బిల్లు వచ్చాక కట్టడం తప్ప చేసేదేమీ లేదు.

వాస్తవం: ఉంది. ముందు ఐటమైజ్డ్ బిల్లు తీసుకుని ప్రతి కాల్‌కీ తేదీ, టైము, దేశం చూడండి. ప్రీపెయిడ్ వాళ్లు కూడా గత ఆరు నెలల వాడకం వివరాలు అడిగి తీసుకోవచ్చు, దానికి 50 రూపాయలకు మించి తీసుకోకూడదు. తర్వాత మీ కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తప్పకుండా తీసుకోండి. అది లేకపోతే మీరు ఫిర్యాదు చేసినట్టు రుజువే ఉండదు. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు, ఫీజు లేదు. నేరుగా ట్రాయ్‌కి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు.

మాస్టారు అప్పీలు చేశారు. కాగితం తెలుగులో తనే రాసుకొచ్చారు, ఒక్క కొట్టివేత లేకుండా. కాల్స్ నిజంగా జరిగినవే కాబట్టి మొత్తం మాఫీ కాలేదు, కొంత తగ్గింది. మళ్లీ డాలస్ వెళ్లేముందు ఆఫీసుకు వచ్చి, పాస్‌పోర్టు కవరులో పెట్టుకున్న చీటీ తీసి చూపించారు. "దోహా: ఎయిర్‌పోర్టు వైఫై. అమ్మాయికి మెసేజ్. ఫోను చేయరాదు." కింద ఎర్ర ఇంకుతో గీత.